బెంగ, గాలి, నరాల వీక్‌నెస్: ఇంట్లో పెట్టిన పేరును బట్టే వైద్యం దారి

క్లుప్తంగా: మనసు బాగోలేనప్పుడు ఇంట్లోవాళ్లు ఆ బాధకు ఏ పేరు పెడతారో దాన్ని బట్టే మొదట ఎక్కడికి వెళ్లాలన్నది తేలిపోతుంది. ఆ పేర్లలో కొన్ని మనిషిని ఆదుకుంటాయి, కొన్ని నెలలూ ఏళ్లూ తినేస్తాయి, ఒకటి రెండు ప్రాణాల మీదికి తెస్తాయి. జనం మాటనూ, రోగి చుట్టూ ఉన్న మనుషులనూ కొట్టిపారేయకుండా కలుపుకుని వైద్యం అందించిన చోట్ల మంచి ఫలితాలు వచ్చాయి. అమృత్‌సర్, గోవా, జింబాబ్వే రాజధాని హరారే అందుకు ఉదాహరణలు.

ఏ జిల్లా కేంద్రంలోనైనా ఆసుపత్రుల వీధిలో సైకియాట్రిస్టు కోసం వెతికితే చాలాసార్లు కనిపించేది "నరాలు, మానసిక వ్యాధుల నిపుణులు" అన్న బోర్డు. నరాలు ముందు, మానసికం తర్వాత. నిజానికి నరాల జబ్బులు చూడాల్సింది న్యూరాలజిస్టు, ఆయన చదువే వేరు. అయినా బోర్డు మీద ఆ మాట ఉంది, ఎందుకంటే లోపలికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "నాకు మనసు బాగోలేదు" అంటూ రారు. నరాలు లాగేస్తున్నాయి, తలంతా బరువు, గుండె దడ, అరికాళ్లలో మంటలు, గ్యాస్ పైకి తంతోంది అంటూ వస్తారు. పైగా మెట్లెక్కుతుండగా తెలిసినవాళ్లు ఎవరైనా చూసినా నరాల డాక్టరు దగ్గరికి వచ్చామని చెప్పుకోవచ్చు.

బోర్డు రాయించిన డాక్టరుకు ఈ సంగతి బాగా తెలుసు. మానసిక ఆరోగ్యం మీద జరిగే చర్చల్లో మాత్రం ఇది పెద్దగా వినిపించదు, అక్కడ "జనంలో అవగాహన లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. అవగాహన లేకపోవడం కాదిది. జనానికి తమ అవగాహన తమకు ఉంది, దానికి ఒక భాష ఉంది, ఆ భాష డాక్టరు చదువుకున్న భాషతో కలవదు, అంతే.

లెక్కలు చూద్దాం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో (ఆ 12లో తెలుగు రాష్ట్రాలు లేవు) పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, ముప్పావు వంతు అని లెక్క. డాక్టర్ల కొరత పెద్ద కారణమే, కాదనలేం. కానీ ఉన్న డాక్టరు దగ్గరికి కూడా జనం ఆలస్యంగా, అన్ని చోట్లా తిరిగి తిరిగి చివరికి వస్తారు. దానికి మూలం మొదటి వారంలో ఇంట్లో జరిగే మాటల్లో ఉంటుంది.

## ఒళ్లు చెప్పే మాట

పల్లెల్లో రోజూ కనిపించేదే తీసుకుందాం. ముప్ఫై అయిదేళ్ల ఇల్లాలు. రెండు నెలలుగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, ఏ పని మొదలుపెట్టినా ఒళ్లు సహకరించడం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన బీపీ చూసి "వీక్‌నెస్ ఉందమ్మా" అని మంచం మీద పడుకోబెట్టి గ్లూకోజు ఎక్కిస్తాడు, అందులో పసుపురంగు బి కాంప్లెక్స్ సూది ఒకటి కలుపుతాడు. బాటిల్ అయిపోయేదాకా, గంటో రెండు గంటలో, ఆమెకు ఎవరూ పని చెప్పరు. పక్కన ఆడపడుచో అమ్మో కూర్చుంటుంది. ఇంటికొచ్చాక ఆ పూట వంట వేరేవాళ్లు చేస్తారు. రెండు రోజులు నిజంగానే బాగుంటుంది, మూడో రోజుకి మళ్లీ మొదటికొస్తుంది.

ఆ రెండు రోజుల ఉపశమనం ఎక్కడి నుంచి వచ్చిందో గమనిస్తే సంగతి అర్థమవుతుంది. ఒంటి నొప్పికి మన ఇళ్లలో విశ్రాంతి దొరుకుతుంది. మనసు నొప్పికి దొరికేది సలహా: "మనసు గట్టి చేసుకో", "పిల్లల మొహం చూసి బతకాలి", "అందరికీ లేవా కష్టాలు". అలాంటప్పుడు బాధ ఒంటి భాషలోనే బయటికి రావడంలో ఆశ్చర్యం ఏముంది? ఆమె అబద్ధం ఆడటం లేదు. డిప్రెషన్‌లో నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ నిజంగానే దెబ్బతింటాయి, నొప్పులు నిజంగానే ఎక్కువగా తెలుస్తాయి. ఆ మొత్తంలోంచి ఏ ముక్క పైకి చెప్పాలో చుట్టూ ఉన్నవాళ్ల స్పందన నేర్పుతుంది.

ఇది మన ఒక్కళ్ల వ్యవహారం కాదు. 1980ల మొదట్లో అమెరికన్ సైకియాట్రిస్టు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలోని హునాన్‌లో "నరాల నీరసం" అని అక్కడి డాక్టర్లు పేరు పెట్టిన 100 మంది రోగులను పరీక్షిస్తే వాళ్లలో 87 మందికి అమెరికా పద్ధతిలో చూస్తే డిప్రెషన్ ఉంది. మందులు ఇచ్చాక చాలామందికి లక్షణాలు తగ్గాయి, కానీ ఉద్యోగం, ఇల్లు, రాజకీయాల వల్ల వచ్చిన చిక్కులు తీరనంతకాలం తమకు పూర్తిగా నయమైందని వాళ్లు ఒప్పుకోలేదు. మన నరాల వీక్‌నెస్‌కు అది అన్నదమ్ముల వరస.

అయితే "ఆసియావాళ్లు మనసు గురించి చెప్పలేరు, ఒళ్లే చెప్పుకుంటారు" అని తేల్చేయడం కూడా పొరపాటే. 14 దేశాల్లో, బెంగళూరుతో సహా 15 కేంద్రాల్లో చేసి 1999లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న 1,146 మందిలో 69 శాతం డాక్టరు దగ్గరికి ఒంటి బాధలు మాత్రమే చెప్పుకుంటూ వచ్చారు. ఆ కేంద్రాలున్న అయిదు ఖండాల్లోనూ ఇది ఉంది. సూటిగా అడిగితే మనసు బాధ ఏమీ లేదన్నవాళ్లు కేవలం 11 శాతం. ఇంకో సంగతి, ఎప్పుడూ చూసే డాక్టరంటూ లేని చోట్ల ఒంటి బాధలు మాత్రమే చెప్పడం ఎక్కువ. అంటే కొంత సంస్కృతి, కొంత పరిచయం లేని డాక్టరు ముందు రెండు నిమిషాల్లో ఏం చెప్పగలమన్న లెక్క. అడిగేవాళ్లు ఉంటే చెబుతారు.

అడగడంలోనూ తిరకాసు ఉంది. డిప్రెషన్‌ను పసిగట్టడానికి ప్రపంచమంతా వాడే తొమ్మిది ప్రశ్నల పత్రంలో మొదటిది, పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ తగ్గిందా అన్నది. తెల్లవారుజామున లేచి పాలు పితికి, వంట చేసి, కూలికి వెళ్లి వచ్చే మనిషిని అది అడిగితే "ఇష్టమో కష్టమో, చేయక తప్పుతుందా అండీ" అంటుంది. పని ఆగలేదు కాబట్టి ఆసక్తి ఉన్నట్టే లెక్కలో పడుతుంది. అదే మనిషిని "మునుపు పక్కింటివాళ్లతో కూర్చుని మాట్లాడేదానివి కదా, ఇప్పుడు వెళ్తున్నావా?" అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

## పేరులోనే కారణం ఉంటుంది

తెలుగులో మనసు బాధకు ఉన్న మాటలు తక్కువేం కాదు. దిగులు, గుబులు, బెంగ, ఆరాటం, కలత, జడుపు. ఇవన్నీ ఒకటి కావు. ఒక్కొక్క మాటలో ఒక కారణం, ఆ వెనకే ఒక మందు దాగి ఉంటాయి.

బెంగనే చూడండి. హాస్టల్లో చేర్చిన పిల్ల అన్నం మానేసి జ్వరం తెచ్చుకుంటే "బెంగ పెట్టుకుంది" అంటారు, కొత్తగా కాపురానికి వెళ్లిన అమ్మాయి చిక్కిపోతే అదే మాట, కొడుకు అమెరికా వెళ్లాక మంచం పట్టిన తల్లికీ అదే మాట. బెంగ అంటే కావలసిన మనిషో ఊరో దూరమైతే వచ్చే జబ్బు, జబ్బున్న మనిషి తప్పేమీ అందులో లేదు. అందుకే "నాలుగు రోజులు ఇంటికి తీసుకురండి" అన్నది వెంటనే తడుతుంది. ఈ ఒక్క మాట ఎంతమంది పిల్లలను కాపాడి ఉంటుందో చెప్పలేం. డిప్రెషన్ అన్న మాట కన్నా ఇది ఒక విషయంలో మెరుగు కూడా: వినగానే అందరికీ జాలి కలుగుతుంది, ఎవరూ భయపడరు.

దాని లోపం కూడా అక్కడే ఉంది. ఇంటికి తీసుకొచ్చినా తగ్గకపోతే బెంగ అన్న మాట దగ్గర ఇంకో దారి లేదు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లాడు సంక్రాంతి సెలవులకు వచ్చి, మళ్లీ వెళ్లనని ఏడిస్తే "వారంలో అలవాటు పడతాడులే" అని దింపి వస్తారు. అలవాటు పడేవాళ్లు పడతారు. పడనివాడు నిద్రపోతున్నాడా, తనకేమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని అడగాలన్న ఊహ ఆ మాటలో లేదు.

"గాలి సోకింది" అన్నది వేరే దారి. ఇందులో జబ్బు బయటి నుంచి వచ్చి పడింది, కాబట్టి మనిషి మీద నింద లేదు, ఇల్లంతా ఆమె పక్షాన నిలబడుతుంది. తాయెత్తు, అంత్రం, దిష్టి తీయడం, వేపమండలు. వాటివల్ల హాని లేదు, చాలాసార్లు ధైర్యమే వస్తుంది. కానీ కాలం విషయంలో ఈ మాట మోసం చేస్తుంది. బాలింత సంగతే తీసుకోండి. ప్రసవమైన మొదటి రెండు వారాల్లో కొందరికి, వెయ్యి మందిలో ఒకరిద్దరికి, ఒక తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నట్టుండి వస్తుంది. నిద్ర పూర్తిగా పోతుంది, సంబంధం లేని మాటలు మొదలవుతాయి, ఎవరో బిడ్డను ఎత్తుకుపోతారని భయం, ఒక్కోసారి బిడ్డే రాక్షసి అన్న భ్రమ. అప్పటిదాకా ఏ జబ్బూ లేని ఆడవాళ్లకు కూడా రావచ్చు. ఆసుపత్రిలో చేర్చి మందులిస్తే దాదాపు అందరూ కోలుకుంటారు, అంత బాగా నయమయ్యే జబ్బు. కానీ ఇందులో గడిచే ప్రతి రోజూ తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. పురుడు పోసిన ఇంట్లో "బాలింతకు గాలి సోకింది, అమావాస్య వెళ్లనివ్వండి" అనుకుంటూ గడిపే పది రోజులు ఈ జబ్బులో చాలా ఎక్కువ.

ఇక చేతబడి, బాణామతి. ఈ మాటల్లో కారణం ఒక మనిషి. పేరున్న మనిషి, అదే వీధిలో ఉండే మనిషి, చాలాసార్లు ఒంటరి ముసలమ్మో పొలం గట్టు తగాదా ఉన్న దాయాదో. బెంగకు మందు తోడు అయితే, గాలికి మందు పూజ అయితే, చేతబడికి మందు ఎదుటి మనిషిని కొట్టడం అవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చేతబడి అనుమానంతో హత్యలు జరుగుతూనే ఉన్నాయి. వీటి మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. జనం నమ్మకాలను గౌరవించాలి అన్న మాట ఈ ఒక్క చోట ఆగిపోవాలి.

## పూనకం ఎక్కడ జబ్బు, ఎక్కడ కాదు

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడిన జోగిని అమ్మవారై మాట్లాడుతుంది, వానలు ఎలా ఉంటాయో, ప్రజలు ఎక్కడ తప్పు చేశారో చెబుతుంది, అధికారులూ మంత్రులూ చేతులు కట్టుకుని వింటారు. ఆ గొంతును అదే మనిషి మామూలు గొంతుతో పోల్చి "ఈమెకు జబ్బు" అనే డాక్టరు ఉండడు, ఉండకూడదు కూడా. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ–11 పూనకాన్ని జబ్బుగా లెక్కించడానికి స్పష్టమైన షరతు పెట్టింది: ఆ సమాజం ఒప్పుకున్న మత ఆచారంలో భాగంగా జరిగేదైతే అది జబ్బు కాదు. తనకు తెలియకుండా, వద్దన్నా వస్తూ, మనిషిని కుంగదీసి బతుకును పాడుచేస్తేనే జబ్బు.

అదే పూనకం జాతర లేని రోజున, మంగళవారం మధ్యాహ్నం వంటింట్లో కోడలికి వస్తే? జుట్టు విరబోసుకుని, అత్తను పేరు పెట్టి పిలిచి, "నా బిడ్డను ఎండగడతారా" అని గర్జిస్తుంది. ఇంట్లోవాళ్లు కొబ్బరికాయ కొట్టి, "తల్లీ, ఏం కావాలో చెప్పు" అని అడుగుతారు. మామూలు రోజున ఆ కోడలు నోరెత్తితే వినేవాళ్లు లేరు. పూనకంలో ఆమె అడిగిందంతా వింటారు, పుట్టింటికి పంపిస్తారు కూడా. దీన్ని నాటకం అనడం అన్యాయం, చాలామందికి ఆ సమయంలో జరిగింది తర్వాత నిజంగానే గుర్తుండదు. డాక్టరైనా భూతవైద్యుడైనా కనుక్కోవాల్సింది, మామూలు గొంతుతో చెప్పలేక ఆ గొంతు ఏం చెప్పిందో. మంచి భూతవైద్యులకు ఇది తెలుసు. అన్నీ విని, "అమ్మవారి ఆజ్ఞ" అంటూ అత్తింటివాళ్లను ఒక దారికి తెస్తారు. చెడ్డవాళ్లు వేపబరికెతో కొడతారు, మిరపకాయల పొగ పెడతారు.

## గుడిలో నలభై రోజులు

జగిత్యాల జిల్లా కొండగట్టు అంజన్న దగ్గర 40 రోజులు ఉండి పూజ చేస్తే మతి చెడినవాళ్లు బాగవుతారని నమ్మకం. నెల్లూరు జిల్లా ఎ.ఎస్.పేట దర్గాకూ అలాగే వస్తారు, హిందువులూ ముస్లింలూ ఇద్దరూ. వెళ్లేవాళ్లందరూ అమాయకులని అనుకుంటే ఈ చోట్ల ఏం జరుగుతోందో అర్థం కాదు. అక్కడ పేరు రాసుకోరు, జబ్బు ముద్ర పడదు. తల్లో భార్యో వెంటే ఉంటుంది. తెల్లారే స్నానం, ప్రదక్షిణలు, వేళకు ప్రసాదం, వేళకు నిద్ర. చుట్టూ అలాంటివాళ్లే ఉంటారు కాబట్టి సిగ్గు పడాల్సిన పని లేదు.

దీన్ని కొలిచినవాళ్లున్నారు. తమిళనాడులో ఒక చిన్న గుడిలో ఉంటున్న 31 మందిని సైకియాట్రిస్టులు పరీక్షించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. సగటున ఆరు వారాలు ఉన్నాక, మందులేవీ లేకుండానే, లక్షణాల తీవ్రత సుమారు 20 శాతం తగ్గింది. అక్కడ కొట్టడం లేదు, కట్టేయడం లేదు, పెద్ద పూజలు కూడా లేవు, చిన్న చిన్న పనులు చేసుకుంటూ ఉండటమే. ఇందులో గుడి ప్రభావం ఎంత, కాలంతోపాటు దానంతటదే తగ్గింది ఎంత అన్నది విడదీయడం కష్టం, ఎందుకంటే పోల్చడానికి ఇంకో గుంపు లేదు. చాలా మానసిక బాధలు కెరటంలా వచ్చి పోతాయి, నలభై రోజుల్లో కెరటం దిగితే ఆ ఘనత దేవుడికి వెళ్తుంది. లేని గొంతులు వినిపించి, లేనివి నిజమనిపించే స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు అలా కాదు. మందు పడకుండా గడిచిన కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

ఆ 31 మంది కథ అచ్చు కావడానికి సుమారు ఏడాది ముందే, అదే రాష్ట్రంలో, ఏర్వాడి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున దర్గా చుట్టుపక్కల ప్రైవేటు వ్యక్తులు నడిపే ఒక షెడ్డులో మంటలు లేచాయి. లోపల ఉన్నవాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది, అలాంటి షెడ్లు మూయించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని చెబుతోంది. నమ్మకం చుట్టూ డబ్బు చేరి, కుటుంబం పక్కన లేకుండా పోయినప్పుడు ఆ చోటు గుడీ కాదు, ఆసుపత్రీ కాదు.

గుజరాత్ ఇంకో దారి పట్టింది. మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా ఆవరణలో 2008లో "దవా–దువా" మొదలైంది, అంటే మందూ ప్రార్థనా రెండూ. దర్గా ముజావర్లకు జబ్బు లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు, ప్రార్థన అయ్యాక వాళ్లే పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపిస్తారు. డాక్టరు తాయెత్తు తీయమనడు, ముజావర్ మాత్రలు మానమనడు. మన కొండగట్టు మెట్ల దగ్గర ఇలాంటిది ఎందుకు పెట్టకూడదు అన్నది జిల్లా అధికారులు ఆలోచించాల్సిన విషయం, పెద్ద ఖర్చు కూడా కాదు.

## "పెళ్లి చేస్తే కుదురుతుంది"

"పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లి అయితేగానీ పిచ్చి కుదరదు" అని సామెత. మన దగ్గర మానసిక వైద్యాన్ని అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది దయ్యాల నమ్మకం కాదు, పెళ్లి భయం. ఇరవై రెండేళ్ల అమ్మాయికి బైపోలార్ (కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు) అని తేలిందంటే తల్లిదండ్రులు మొదట అడిగేది "ఎన్నాళ్లు వాడాలి?" కాదు, "ఎవరికైనా తెలుస్తుందా?" అని. అందుకే పక్క జిల్లా డాక్టరు దగ్గరికి వెళ్తారు, చీటీలు చింపేస్తారు. అక్క జబ్బు చెల్లెలి సంబంధానికీ అడ్డమే కాబట్టి దాచడం ఇంటిల్లిపాది బాధ్యత అవుతుంది.

చట్టం కూడా ఈ భయానికి తోడైంది. 1955 హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు 2013లో స్పష్టంగా చెప్పింది: స్కిజోఫ్రీనియా ఉందన్న ఒక్క కారణం చాలదు, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని రుజువు కావాలి. ఆ తీర్పు సంబంధాలు చూసే పెద్దలకు చేరలేదు.

దాచి చేసిన పెళ్లిలో ఏం జరుగుతుందో వైద్యులు చెప్పేది దాదాపు ఒకటే కథ. అత్తింట్లో మాత్ర వేసుకుంటే ఎవరైనా అడుగుతారని మానేస్తుంది. కొత్త ఇల్లు, నిద్ర తక్కువ, టెన్షన్ ఎక్కువ. కొన్ని వారాల్లోనో నెలల్లోనో జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు రహస్యం ఎలాగూ బయటపడుతుంది, మోసం అన్న మాటతో కలిపి. లేదంటే చాటుగా వాడుతూనే ఉంటుంది, అది ఇంకో ప్రమాదం. బైపోలార్‌కు విరివిగా రాసే వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు చాలా హాని చేస్తుంది, వెన్నుపాము లోపాలు రావచ్చు, పిల్లల ఎదుగుదల, తెలివితేటలు దెబ్బతినవచ్చు. గర్భం అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. దాచిన జబ్బుకు ఆ మాట్లాడే అవకాశం ఎక్కడిది?

## పక్కన ఒక మనిషి

సంస్కృతి ఎప్పుడూ అడ్డమే వస్తుందనుకుంటే సగం కథే చూసినట్టు. 1960ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆగ్రాతో సహా తొమ్మిది దేశాల్లోని కేంద్రాల్లో స్కిజోఫ్రీనియా రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, డబ్బూ ఆసుపత్రులూ ఉన్న దేశాల కన్నా ఆగ్రా, నైజీరియాలోని ఇబాదాన్ లాంటి చోట్ల ఎక్కువమంది బాగా కోలుకున్నట్టు తేలింది. కుటుంబం వదిలేయకపోవడం, పొలంలోనో కొట్లోనో చేతనైన పని దొరకడం కారణాలని అన్నారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు దీన్ని గట్టిగానే ప్రశ్నించారు, పేద దేశాల్లో చికిత్స లేక చితికిపోయినవాళ్లు లెక్కలోకి రాలేదని. వివాదం తేలలేదు. కానీ కుటుంబం దగ్గర ఉండటం వైద్యంలో భాగం అన్న సంగతి మన డాక్టర్లు అంతకుముందే కనిపెట్టారు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో టెంట్లు వేయించి రోగి బంధువులను అక్కడే ఉండమన్నారు. జబ్బు ఏమిటో వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేవారు. రోగులు తొందరగా ఇంటికి వెళ్లేవారు, వెళ్లాక ఇంట్లో వాళ్లను చూసుకునే తీరూ మారేది. అదే దశాబ్దంలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా మానసిక రోగిని కుటుంబంతోపాటే చేర్చుకోవడం మొదలుపెట్టింది.

జబ్బు లోపలి రూపు మీద కూడా సంస్కృతి ముద్ర ఉంటుంది. తాన్యా లూర్మన్ అనే మానవశాస్త్రవేత్త కాలిఫోర్నియా, ఘనా, చెన్నైలలో స్కిజోఫ్రీనియా ఉండి చెవిలో గొంతులు వినిపించే ఒక్కో చోట 20 మందితో మాట్లాడింది. అమెరికా వాళ్లకు వినిపించేవి ఎక్కువగా హింస, యుద్ధం, నరకమని చెప్పే తెలియని గొంతులు. చెన్నైలో సగానికి పైగా మందికి వినిపించేవి చుట్టాల గొంతులు: స్నానం చెయ్యి, వంట చెయ్యి, పని చూసుకో అని. తిట్లూ ఉన్నాయి, కానీ తెలిసిన గొంతులు తిట్టడం వేరు. జబ్బు ఒకటే, దాని మాటలు మాత్రం పెరిగిన ఇంటివే.

## పిచ్చాసుపత్రి అన్న మాట

హైదరాబాదులో "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్రలో చిన్న వాల్తేరు ఆసుపత్రిదీ అదే పరిస్థితి. ఊరి పేరే తిట్టయిన చోటికి ఓపీ చీటీ పట్టుకుని వెళ్లడం ఎంత కష్టమో ఆలోచించాలి.

మాట మారిస్తే ఏమవుతుందన్నదానికి జపాన్ అనుభవం ఉంది. అక్కడ స్కిజోఫ్రీనియాకు "మనసు ముక్కలైన జబ్బు" అని అర్థం వచ్చే పేరు ఉండేది, డాక్టర్లకే రోగితో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. రోగుల కుటుంబాలు పట్టుబడితే 2002లో "సమన్వయం తప్పిన జబ్బు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అప్పటిదాకా 37 శాతం రోగులకే జబ్బు పేరు చెప్పేవారు, మూడేళ్లలో అది దాదాపు 70 శాతానికి పెరిగింది. దక్షిణ కొరియా కూడా తర్వాత పదేళ్లకు పేరు మార్చుకుంది. మన దగ్గర ఇంగ్లిష్ మాట ఆ పని కొంత చేస్తోంది: "పిచ్చి" అనలేని చోట "డిప్రెషన్", "యాంగ్జైటీ" అంటున్నారు చదువుకున్న పిల్లలు. అయితే డల్లాస్‌లో ఉన్న కూతురు ఫోన్లో "యాంగ్జైటీకి థెరపీ తీసుకుంటున్నా" అంటే విజయవాడలో తల్లికి చేరేది "పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తోంది" అనే. "టెన్షన్లు ఎక్కువయ్యాయి, మాట్లాడటానికి ఒకామె దగ్గరికి వెళ్తున్నా" అంటే అదే తల్లి "మంచి పని చేశావమ్మా" అంటుంది.

## అమ్మమ్మల బెంచీ

జింబాబ్వేలో షోనా భాషలో "కుఫుంగిసిస" అన్న మాట ఉంది, అతిగా ఆలోచించడం అని. "ఆలోచనలు ఎక్కువైపోయాయి, నిద్ర పట్టట్లేదు" అని మనవాళ్లు అనేదే. 2006లో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా హరారేలో ఆ మాట మీదే ఒక పద్ధతి నిలబెట్టారు. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద ఒక బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఒక పెద్దావిడ. డిప్రెషన్ అన్న పదం వాడరు. ప్రశ్నల పత్రం కూడా అక్కడి మాటల్లో తయారైందే. కష్టాలన్నీ విని, వాటిలో ఒకటి ఎంచుకుని, ఈ వారం దాని మీద ఏం చేద్దామో ఇద్దరూ కలిసి తేలుస్తారు. 573 మందితో మొదలుపెట్టిన అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి, ఆరు నెలల తర్వాత చూస్తే, బెంచీ మీద కూర్చున్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు మిగిలింది సుమారు 14 శాతానికి, మామూలు వైద్యం పొందినవాళ్లలో 50 శాతానికి. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం కూడా డాక్టర్లు కాని స్థానికులకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి డిప్రెషన్ చికిత్సలో మంచి ఫలితాలు చూపించింది.

మన ఊళ్లలో ఆ పెద్దావిడ పాత్రకు మనుషులు ఉన్నారు. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు నిద్రపోవడం లేదో తెలుసు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు, వీధిలో ఎవరూ చూడరు. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవాళ్లకు ఆ నంబరు మొదటి మెట్టు కావచ్చు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది, పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయాల్సిన పని లేదు.

మిగిలింది ఆసుపత్రి లోపల జరిగే మాట. అమెరికన్ సైకియాట్రిస్టులు 2013లో తమ మార్గదర్శిలో 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి చేర్చారు. అందులో మొదట్లోనే వచ్చే ప్రశ్న, ఈ బాధ గురించి ఇంట్లోవాళ్లకు ఎలా చెబుతారు అని. తెలుగులో అడిగితే ఇంతే: "మీ ఇంట్లో దీన్ని ఏమంటున్నారమ్మా?"

"గాలి సోకిందంటోంది మా అత్త."

"ఎప్పటినుంచి?"

"బిడ్డ పుట్టిన నాలుగో రోజు నుంచి."

చేతికున్న తాయెత్తును అలాగే ఉండనిచ్చి, డాక్టరు ఆ పూటే అడ్మిషన్ రాస్తే చాలు.